బండలదొర గొంతు

చింతామణి బజారులో ముద్దుకృష్ణ పొద్దున్నే అంగడి తెరిచి, గడప ముందు నీళ్ళు చల్లి, తక్కెడకు కుంకుమ పెట్టి, బెల్లం దిమ్మెల మీది గోనెపట్ట తీస్తాడు. ఆ పొద్దు తొలిబేరం పుట్టమ్మది.

"చింతపండు కొత్తదేనా అప్పా?"

ముద్దుకృష్ణ పెదాలు కదిలాయి. పుట్టమ్మ సంచి మడత విప్పుకుంది, కొంగు సర్దుకుంది. అప్పుడు వచ్చింది గొంతు, గుహలోంచి వచ్చినట్టు.

"కొత్తదేనమ్మా. నిన్ననే దిగింది."

"అయితే అరకిలో కట్టు," అందామె.

ఆయన పెదాల వెనకగా మాట రావడం బజారుకంతా అలవాటే. చిన్న మాటైతే గుటకెడు నీళ్ళు మింగేంత ఆలస్యం. మనసు పెట్టి అన్న మాటైతే ఆకువక్క నమిలేంత.

ఇరవై ఏళ్ళ కింద ఆయన టీవీలో బండలదొర. బాగేపల్లి రాతిగుట్టలు అచ్చం అమెరికా ఎడారిలా ఉన్నాయని ఒక సీరియల్ కంపెనీ వచ్చి దిగింది. బెల్లం దిమ్మె భుజాన మోసుకొస్తున్న ఈ శెట్టిగారి అబ్బాయి దవడ చూసి, టోపీ పెట్టి, నడుముకు రెండు తుపాకులు కట్టి, గుర్రమెక్కించింది. ప్రతి ఆదివారం బండలదొర ఏదో ఒక ఊరిని దొంగల నుంచి కాపాడి, భోజనానికి కూడా ఆగకుండా గుట్టల్లోకి వెళ్ళిపోయేవాడు. జాతరల్లో పిల్లలు ఆయన టోపీల కోసం ఏడ్చేవాళ్ళు. కానీ చింతామణి యాస దొర నోట బాగుండదని మద్రాసు నుంచి డబ్బింగాయన్ను పిలిపించారు. "మీ గొంతు తీసి ఇంకోటి పెడతాం, సరేనా?" అని అడిగితే ముద్దుకృష్ణ, "అట్లే కానీండప్పా" అన్నాడు. ఆయన సొంత గొంతుతో అన్న ఆఖరి మాట అది. సీరియల్ ఆగిపోయి, తండ్రి అంగట్లో కూర్చున్నాక కూడా ఆ పరాయి గొంతే ఆయన వెంట ఉండిపోయింది, ఒక అడుగు వెనకగా.

భార్య వాసవాంబ మాత్రం గొంతు కోసం ఆగదు. పెదాలు చూసి జవాబు చెప్పేస్తుంది. నమ్మకం తక్కువై నేర్చుకున్న విద్య అది. పాలు, ముహూర్తాలు, బంధువుల పొగడ్తలు, ఏవైనా సరే రెండోసారి చూడనిదే ఇంట్లోకి రానివ్వదు.

అట్లాంటి ఇంటికి బెంగుళూరు నుంచి అమరేష్ వచ్చాడు. తెల్ల కారు, తెల్ల చొక్కా. మాట కంటే ముందే నవ్వు వస్తోంది.

"బండలదొరను మళ్ళీ తెస్తాండాం సార్. మీరు కష్టపడే పనే లేదు. ఒక్క పొద్దు కెమెరా ముందర నడిచి, నవ్వి, ఒప్పుకుంటాండా అని ఒప్పిగె మాట చెప్తే చాలు. మిగిలిందంతా కంప్యూటరే చేసుకుంటాది. మీ మొహానికి ముసలితనమే రాదు."

ముద్దుకృష్ణ కళ్ళు తడిశాయి. ఆయన్ను సార్ అని పిలిచి ఎన్నాళ్ళయిందో.

"ఒప్పిగె ఎన్నాళ్ళకప్పా?" అంది వాసవాంబ.

"ఎప్పటికీ అమ్మా."

"యా కథకు?"

"అన్నిటికీ," అని నవ్వాడు అమరేష్. ఇచ్చిన కాఫీ మాత్రం తాగలేదు.

కారు వెళ్ళగానే ఆమె మొగుడి వైపు తిరిగింది. "గొంతిస్తే గొంతు వెనకబడిపోయె. మొహమిస్తే మొహం ఎప్పుడొస్తాదో ఎవురు చూసొచ్చినారు?"

"నీకు దేవుడి తీర్థం మీద కూడా అనుమానమే," అన్నాయి పెదాలు. గొంతు వచ్చేసరికి ఆమె వంటింట్లో ఉంది.

షూటింగ్ రోజు కారు వచ్చి ఆయన్ను పేరేసంద్ర గుట్టల కాడికి తీసుకుపోయింది. వాసవాంబ అంగడికి తాళం వేసి బాగేపల్లి బస్సెక్కింది. సీరియల్లో బందిపోటు వేషం వేసిన పిళ్ళప్పకు అక్కడ టీ అంగడి ఉంది. అమరేష్ ముందుగా వాడి దగ్గరికే పోయి ఉంటాడని ఆమె అనుమానం.

పిళ్ళప్ప ఎండాకాలంలో కూడా ముఖానికి తువ్వాలు చుట్టుకుని టీ కాస్తున్నాడు.

"నువ్వూ ఒప్పిగె ఇచ్చినావా అప్పా?"

పిళ్ళప్ప ఫోను తీసి ఒక ప్రకటన చూపించాడు. అందులో పడుచు పిళ్ళప్ప, బందిపోటు తలపాగాతో, పేకముక్కలు విసిరి నవ్వుతున్నాడు. ఆడండి, గెలవండి అంటున్నాడు.

"నేను జన్మలో ముక్క పట్టినోణ్ణి కాదమ్మా. మా వీధిలో ఒక పిల్లోడు ఈ ఆటకు మరిగి ఊరొదిలి పోయినాడు. వాళ్ళమ్మ వచ్చి నా మొహాన ఉమ్మింది. నేను కాదంటే ఎట్ల నమ్ముతాది? మొహం నాదే కదా."

ఆమె ఫోను వైపు చూసింది, పిళ్ళప్ప వైపు చూసింది. "దొరకు మళ్ళీ వేషం వచ్చిందని నీకు కడుపుమంటేమో. ఎట్ల నమ్మేది నిన్ను?"

"నమ్మొద్దులే అమ్మా," అన్నాడు పిళ్ళప్ప. "నమ్మక చెడినోణ్ణి నేను ఒకణ్ణీ చూడలేదు."

ఆ మాటే ఆమెను లేపింది. మొగుడికి ఫోను చేస్తే స్విచ్చాఫ్. దొరికిన బస్సెక్కి, అది పేరేసంద్రలో ఆగీ ఆగకముందే దిగి, గుట్టల వైపు ఆటో తీసుకుంది.

బండల నడుమ ముద్దుకృష్ణ నిలబడి ఉన్నాడు. టోపీ, నడుముకు తుపాకులు, మెడలో ఎర్ర రుమాలు. వయసు తగ్గినట్టున్నాడు. ఎదురుగా కెమెరా. పక్కన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మైకు కర్ర ఎత్తిపట్టుకున్న అర్పిత అనే అమ్మాయి.

"ఇప్పుడు చెప్పండి సార్," అన్నాడు అమరేష్.

పెదాలు కదిలాయి. ఇంత దూరం నుంచే వాసవాంబ చదివేసింది. ఒప్పుకుంటాండా. నా మొహం, నా నడక, అన్నీ మీవే.

మనసు పెట్టి అన్న మాట. ఆకువక్క నమిలేంత వ్యవధి ఉంది. ఆమె చెప్పులు విడిచి బండల మీద పరుగెత్తింది. కెమెరాకు అడ్డం పోయి, ఎర్ర రుమాలు పైకి లాగి, మొగుడి నోటికి బిగించి కట్టేసింది. గుడ్డ లోపల ఏదో వెచ్చగా కొట్టుకుని ఆగిపోయింది.

"అమ్మా, ఏం చేస్తాండారు!" అమరేష్ నవ్వు పోయింది.

"సార్, మాట పడలేదు," అంది అర్పిత. "మాట లేకుంటే ఒప్పిగె చెల్లదు."

"పెదాలు కదిలినాయి కదా! పాత సీరియల్ గొంతు మన కాడ ఉండనే ఉండాది. తర్వాత అతికిస్తే సరి."

ముద్దుకృష్ణ చెయ్యి రుమాలు ముడి దాకా పోయింది. ఆ మాట విని అక్కడే ఆగింది.

"ఏమని అతికిస్తావప్పా?" అంది వాసవాంబ. "ఆ పెదాలు చదివేది నేనొక్కదాన్నే. కావాలంటే చింతామణిలో ఎవుర్నైనా అడుగు. 'ఇయ్యను' అన్నాడు మా ఆయన. అంతే అన్నాడు."

అబద్ధం చెప్పేటప్పుడు ఆమె గొంతు వణకలేదు. అర్పిత ఆమె వైపు, రుమాలు కట్టిన మనిషి వైపు చూసి, మెల్లగా మైకు దించేసింది.

"అయితే నేను దీన్ని పంపలేను సార్," అంది.

అమరేష్ ముద్దుకృష్ణ వైపు తిరిగాడు. "మీరు చెప్పండి సార్. తల ఊపితే చాలు."

ముద్దుకృష్ణ తల ఊపలేదు. టోపీ తీసి బండ మీద పెట్టాడు. తుపాకుల పటకా విప్పి దాని పక్కన పెట్టాడు. భార్య వెనక దిగి వచ్చాడు.

చింతామణి బస్సులో జనం జరిగి చోటిచ్చారు. నోటికి గుడ్డ కట్టిన మనిషిని చూసి దగ్గేమో అనుకున్నారు. ఆయన కిటికీలోంచి గుట్టలు దాటిపోయేదాకా చూశాడు. వాసవాంబకు అనుమానం పట్టుకుంది. పిళ్ళప్ప చెప్పింది అబద్ధమై ఉంటే? ఈ మనిషికి మిగిలిన ఒక్క కోరికనూ తనే తుంచేసిందా?

చెయ్యి చాచి రుమాలు ముడి విప్పింది.

"నా మీద కోపమా?"

ఆయన పెదాలు కదల్లేదు. ఆమె వైపు తిరిగి చూస్తూ ఉన్నాడంతే. అప్పుడు బస్సంతా వినబడేటట్టు గొంతు వచ్చింది.

"ఒప్పుకుంటాండా. నా మొహం, నా నడక, అన్నీ మీవే."

ముందు సీట్లో ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. కండక్టరు టికెట్లు చించడం ఆపాడు.

వాసవాంబ మొహం ఎర్రబడింది. కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"ఇంతమంది ముందర అన్నారు," అంది. "ఇంక మాట మార్చేకి లేదు."