మిగతా పద్దెనిమిది మంది

నేను ఒక ఇంగ్లీషు టైపు మిషన్ని. హాజరు వేయించుకోకుండా, ఒక్క పరీక్షా రాయకుండా నూట డెబ్బై మూడు పీహెచ్‌డీలు పూర్తిచేశాను. చరిత్రలో ఇరవై, వృక్షశాస్త్రంలో పదకొండు, మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఎడ్యుకేషన్ డిపార్టుమెంటువి. వాటిలో దేని గురించి అడిగినా గట్టిగా నాలుగు మాటలు చెప్పలేను. ఈ విషయంలో నేను ఒంటరిదాన్ని కానని కొన్ని వైవాలు విన్నాక తెలిసింది.

పుట్టింది బొంబాయిలో. పుట్టగానే నాచేత ఇంగ్లీషు అక్షరాలన్నీ వచ్చే వాక్యం ఒకటి కొట్టించి చూశారు. అందులో ఒక నక్క, ఒక కుక్క ఉంటాయి. పాసయ్యానన్నారు. రైలెక్కించి రాయలసీమకు పంపారు. అక్కడ బస్టాండు ఎదురుగా మేడమీదున్న టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఏడేళ్లు ఉన్నాను. లోయరు పరీక్షకు వచ్చిన పిల్లలంతా నా మీద చిటికెన వేళ్లు నొప్పెట్టించుకున్నారు. వాళ్లలో ఒకడు హయ్యరు పాసై, అక్కడే నేర్పించేవాడుగా మిగిలిపోయాడు. పేరు దస్తగిరి. ఇన్‌స్టిట్యూట్ మూసేసిన రోజు ఓనరు నన్ను దస్తగిరికి ఇచ్చేశాడు. అతను నన్ను సైకిలు క్యారియరు మీద తాడుతో కట్టి, ఊరి బయటున్న యూనివర్సిటీకి తీసుకెళ్లాడు.

ఆ యూనివర్సిటీ పేరు చెప్పను. చెబితే మిగతా యూనివర్సిటీల వాళ్లు తమది కాదని ఊరట పడతారు.

ఎడ్యుకేషన్ డిపార్టుమెంటులో మెట్ల కింద ఒక బల్ల వేసుకోవడానికి దస్తగిరికి అనుమతి దొరికింది. ఇచ్చింది ప్రొఫెసర్ శేషాచలపతి గారు. కాగితం మీద కాదు, నోటిమాటగా. ఎదురుగా సెమినార్ హాలు తలుపు. పక్కన నోటీసు బోర్డు. థీసిస్ రాసేవాళ్లు చేతిరాత కాగితాలు తెచ్చిస్తే దస్తగిరి కొట్టేవాడు. చదివింది ఇంటర్మీడియట్. అయితే కొట్టే ప్రతి ముక్కా చదివేవాడు. టైపు కొట్టేవాడు చదవడని పీహెచ్‌డీ వాళ్లకొక గట్టి నమ్మకం. అందుకని అతని ముందు అన్నీ మాట్లాడుకునేవాళ్లు.

ఎనభై మూడులో అనుకుంటాను, సుంకులమ్మ వచ్చింది. కర్నూలు జిల్లాలో ఎక్కడో రాళ్లపల్లెల నుంచి. ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడిచేది. గైడు శేషాచలపతి గారే. ఆమె పట్టుకున్న విషయం ఏమిటంటే, పరిశోధనకు చేరిన ఆడవాళ్లు మధ్యలో ఎందుకు మానేస్తున్నారని. యూనివర్సిటీలన్నీ తిరిగి పాత రిజిస్టర్లు చూసింది. మానేసినవాళ్ల అడ్రసులు రాసుకుంది. బస్సులెక్కి ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లింది. అరవై నాలుగు మంది దొరికారు. వంటింట్లో కూర్చుని, బడి వరండాలో నిలబడి, ఒకామెతోనైతే రేషను షాపు లైనులో నడుస్తూ మాట్లాడింది.

నాలుగో అధ్యాయం కొట్టిన రోజు నాకు బాగా గుర్తు. అందులో ఒక పట్టిక ఉంది. పెళ్లి, పిల్లల వల్ల మానేసినవాళ్లు ఇరవై ఒక్కరు. ఉద్యోగం దొరికి వెళ్లినవాళ్లు పదమూడు. ఆరోగ్యం బాగాలేక ఐదుగురు. గైడుతో కుదరక ఇరవై ఐదుగురు. కింద మొత్తం వేయాలి. ఆ రోజు దస్తగిరి కూతురికి జ్వరం. మనసు ఇంటి దగ్గరుంది. అరవై నాలుగు బదులు నలభై ఆరు కొట్టాడు. నేను కొట్టమన్నది కొట్టాను. నాకు కూడికలు రావు.

ఒక కాపీ వెంటనే గైడుగారికి వెళ్లిపోయింది. సాయంత్రం సుంకులమ్మ తప్పు చూసి, తన దగ్గరున్న కాపీల్లో పెన్నుతో దిద్దుకుంది. దస్తగిరి చాలా నొచ్చుకున్నాడు. ఆమె మాత్రం నవ్వి, గైడుగారు ఎలాగూ దిద్దమంటారు కదా, అప్పుడు మళ్లీ కొడదామంది.

ఆయన దిద్దమన్నారు గానీ ఆ అంకెను కాదు. గైడుతో కుదరక అనే మాట బాగాలేదన్నారు. ఆమె మార్చలేదు. ఆ ఇరవై ఐదుగురినీ మళ్లీ కలిసి రమ్మన్నారు. కలిసొచ్చింది. వాళ్లు మళ్లీ అదే చెప్పారు. తర్వాత ఆయనకు ఢిల్లీలో ఏదో కమిటీ పని పడింది. ఆ తర్వాత చదవడానికి తీరిక దొరకలేదు. రిజిస్ట్రేషన్ గడువు పొడిగించే ఫారం ఆయన బల్ల మీద నాలుగు నెలలుంది. సుంకులమ్మ రోజూ వచ్చి నోటీసు బోర్డు పక్కన నిలబడేది. ఆయన కనబడితే నమస్కారం పెట్టేది. ఆయన కూడా ఎంతో మర్యాదగా నమస్కారం పెట్టేవారు. గడువు దాటిపోయింది.

వెళ్లిపోయే ముందు మెట్ల కిందికి వచ్చి, ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చిందని దస్తగిరికి చెప్పింది. మంచిదే కదా మేడమ్ అన్నాడతను. మంచిదే అంది. ఆ రోజు సాయంత్రం దాకా అతను నా మీద చెయ్యి పెట్టలేదు.

ఆమె పరిశోధన లెక్కలో అరవై ఐదో మనిషి చేరినట్టయింది. రాసుకోవడానికి మాత్రం ఎవరూ లేరు.

ఎనిమిదేళ్లు గడిచాయి. భక్తవత్సలం అనే కాలేజీ లెక్చరరు తన థీసిస్ చేతిరాత ప్రతి తెచ్చాడు. గైడు శేషాచలపతి గారు. మనిషి నెమ్మదస్తుడు. దస్తగిరికి కుర్చీ జరిపి మరీ మాట్లాడేవాడు. నాలుగో రోజున దస్తగిరి వేళ్లు నా మీద ఆగిపోయాయి. ఎదురుగా చేతిరాతలో ఒక పట్టిక. ఇరవై ఒకటి, పదమూడు, ఐదు, ఇరవై ఐదు. ఇరవై ఐదు పక్కన మాత్రం ‘ఇతర కారణాలు’ అని ఉంది. కింద మొత్తం నలభై ఆరు.

మనిషి ఎదుటివాడి గొప్పతనాన్ని గుర్తుపట్టకపోవచ్చు గానీ తన తప్పును ఎక్కడ చూసినా గుర్తుపడతాడు.

భక్తవత్సలాన్ని తేలిగ్గా అడిగాడు, ఈ ఆడవాళ్లందరినీ ఎక్కడ పట్టుకున్నారు సార్ అని. డిపార్టుమెంటులో పాత మెటీరియల్ ఉంటే సార్ ఇచ్చారని అతను దాపరికం లేకుండా చెప్పాడు. అబద్ధం కాదది. తన బీరువాలో ఉన్నదంతా తనదేనని శేషాచలపతి గారి అభిప్రాయం. అందులో చెదలు పట్టినవి తప్ప అన్నీ ఎవరో ఒకరికి ఇచ్చేవారు. ఆ విధంగా ఉదారమైన మనిషి.

తప్పు చెప్పి దిద్దించవచ్చు. లేదా ఉన్నది ఉన్నట్టు కొట్టవచ్చు. దస్తగిరి కొంతసేపు నోటీసు బోర్డు వైపు చూశాడు. తర్వాత నలభై ఆరు కొట్టాడు. ఈసారి రెండు అంకెలూ నింపాదిగా, గట్టిగా కొట్టాడు.

అతనికో అలవాటుంది. ఎవరి థీసిస్ కొట్టినా అడుగున వచ్చే ఆఖరి కార్బన్ కాపీ, మసకగా ఉండేది, వెనక పెన్సిలుతో తేదీ వేసి ఇంట్లో ట్రంకు పెట్టెలో దాచేవాడు. ఎవరైనా పోగొట్టుకుంటే ఇవ్వొచ్చని. ఆ ఆదివారం పెట్టె తీసి సుంకులమ్మవి నాలుగు అధ్యాయాలూ వెతికి పట్టుకున్నాడు. భార్య మాబున్నీ ఒకటే మాట అడిగిందట: మెట్ల కింద చోటు పోతే ఎక్కడ కూర్చుంటావని. చెట్టు కింద అన్నాడట. యూనివర్సిటీలో చెట్లు బాగానే ఉన్నాయి గానీ వానాకాలం సంగతి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

స్కూలు వెతుక్కుంటూ వెళ్లి సుంకులమ్మకు కాగితాలిచ్చి, భక్తవత్సలం పట్టిక సంగతి చెప్పాడు. తర్వాత మెట్ల కిందికి అన్నం క్యారియరు తెచ్చిన మాబున్నీకి అతను చెబుతుంటే విన్నాను. ఆమె కాగితాలు చూడలేదట. ముందు టీ తెప్పించిందట. హాస్టలు పిల్లల గురించి, నీళ్ల ట్యాంకరు గురించి చాలాసేపు మాట్లాడిందట. చివరికి, ఇప్పుడు నాకెందుకన్నా ఇదంతా అందట. దస్తగిరి వచ్చేయబోతుంటే గేటు దాకా వచ్చి వైవా ఎప్పుడని అడిగిందట.

వైవా సెమినార్ హాల్లో, పొద్దున పదకొండుకు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ప్రశ్నలూ అడగవచ్చు. నిబంధన అలాగే ఉంది. కాబట్టి ఎవరూ అడగరు. ఉక్కగా ఉందని తలుపులు తీసిపెట్టారు. మెట్ల కింద నుంచి నాకంతా కనబడుతోంది. బయటి పరీక్షకుడు పక్క రాష్ట్రం నుంచి వచ్చిన ముసలాయన, చెవుల మీద వెంట్రుకలున్నాయి. థీసిస్ అద్భుతంగా ఉందన్నాడు. ప్లేట్లలో జీడిపప్పు బిస్కెట్లు సిద్ధంగా ఉన్నాయి. ఇంకెవరైనా అడుగుతారా అని శేషాచలపతి గారు అలవాటుగా అన్నారు.

వెనక వరసలో సుంకులమ్మ లేచి నిలబడింది. ఆయన ఆమెను వెంటనే గుర్తుపట్టలేదు.

“నాలుగో అధ్యాయం పట్టికలో మొత్తం నలభై ఆరు అని వేశారు. కూడితే అరవై నాలుగు వస్తుంది. మిగతా పద్దెనిమిది మంది ఎక్కడికి పోయారండీ?”

ముసలాయన పేజీ తిప్పాడు. జేబులోంచి పెన్ను తీసి కూడాడు. నమ్మకం కుదరక కింది నుంచి పైకి మళ్లీ కూడాడు. భక్తవత్సలం గైడు వైపు చూశాడు. శేషాచలపతి గారు చిన్నగా నవ్వి, అది టైపిస్టు పొరపాటు అన్నారు.

అది నిజం. ఆ గదిలో ఆ రోజు ఆయన చెప్పిన మాటల్లో అంతకంటే నిజమైనది లేదు.

టైపిస్టును పిలిపించారు. దస్తగిరి చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“తప్పు నాదే సార్. అయితే ఇప్పుడు చేసింది కాదు. ఎనిమిదేళ్ల కింద ఈ మేడమ్ థీసిస్‌లో చేసినాను. అప్పటిది అప్పట్లాగే వచ్చింది.”

సుంకులమ్మ ముందుకు వెళ్లి మసక కాగితాలు బల్ల మీద పెట్టింది. ముసలాయన వెనక్కి తిప్పి పెన్సిలు తేదీ చూశాడు. తర్వాత భక్తవత్సలాన్ని, మీరు మాట్లాడినవాళ్లలో ఒక్కరి పేరు చెప్పండి చాలు అన్నాడు. భక్తవత్సలం పేరు కోసం తన థీసిస్ పేజీలు తిరగేశాడు. అతన్ని చూస్తే నాకు జాలేసింది. ఎవరో ఇచ్చిన చొక్కా వేసుకొచ్చి, అసలు మనిషి ఎదురుపడ్డవాడిలా ఉన్నాడు.

సుంకులమ్మను ఎవరూ అడగలేదు. ఆమే మొదలుపెట్టింది. ఒక్కొక్కరి పేరు, ఊరు, ఏ సంవత్సరం చేరింది, ఎన్ని అధ్యాయాలు రాసింది. కాగితం చూడకుండా. గొంతు పెంచలేదు. హాజరు పిలిచే టీచరులా చెప్పుకుంటూ పోయింది. తొమ్మిదో పేరు దగ్గర ముసలాయన చెయ్యెత్తి చాలమ్మా అన్నాడు. ఆమె ఆగలేదు. ఇంకో ఇద్దరి పేర్లు చెప్పింది. అటెండరు నీళ్ల గ్లాసు అందించాడు. బిస్కెట్లు ఎవరూ ముట్టలేదు.

వైవా వాయిదా పడింది. ఒక కమిటీ వేశారు. కమిటీ పదకొండు నెలలు కూర్చుంది. రెండు ప్రతుల మధ్య కనబడే పోలికలకు ఒకే డిపార్టుమెంటులోని విద్యా వాతావరణం కొంత కారణమని తేల్చింది. శేషాచలపతి గారు పూలదండలతో రిటైరయ్యారు. భక్తవత్సలం థీసిస్ వెనక్కి తీసుకుని, నాలుగేళ్లు కష్టపడి స్కూలు లైబ్రరీల మీద సొంతంగా ఇంకొకటి రాశాడు. అది బాగుందని విన్నాను. దాన్ని కంప్యూటరు మీద కొట్టించుకున్నాడు.

మెట్లు రిపేరు చేయాలని దస్తగిరిని ఖాళీ చేయమన్నారు. మెట్లకు ఇప్పటికీ ఏ రిపేరూ జరగలేదు. అతను నన్ను మళ్లీ సైకిలు మీద కట్టి, గేటు బయట జెరాక్సు షాపు అరుగు మీదికి మారాడు. రాబడి తగ్గింది. దాని గురించి అతను సుంకులమ్మకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆమెకు ప్రత్యేక అనుమతి మీద మళ్లీ రిజిస్ట్రేషన్ ఇచ్చారు. కొత్త గైడు దొరికింది. ఆమె సెలవులన్నీ ఖర్చుపెట్టి ఆ అరవై నాలుగు మందినీ మళ్లీ వెతుక్కుంటూ వెళ్లింది. ముగ్గురు చనిపోయారు. ఏడుగురు వేరే ఎక్కడో తిరిగి చేరి పూర్తిచేశారు. ఒకామె, మళ్లీ వచ్చావేంటమ్మా, ఈసారైనా రాస్తావా అందట. అంతా కలిపి కొత్త అధ్యాయం రాసింది. అప్పటికి ఊళ్లో కంప్యూటర్లు వచ్చేశాయి. అయినా అరుగు మీదికే తెచ్చింది. నూట డెబ్బై మూడోది అదే. దాని తర్వాత నాకు రిబ్బను దొరకలేదు.

డిగ్రీ వచ్చాక ఆమె బి.ఇడి. కాలేజీలో లెక్చరరుగా వెళ్లింది. దస్తగిరి, వేళ్లు వంకర్లు పోయేదాకా, కంప్యూటరు మీద కూడా కొట్టాడు. మూడేళ్ల కింద పోయాడు. డిపార్టుమెంటు స్వర్ణోత్సవాలకు పాత వస్తువులు కావాలంటే మాబున్నీ నన్ను ఇచ్చేసింది. ఇప్పుడు నోటీసు బోర్డు పక్కన అద్దాల పెట్టెలో ఉన్నాను. ‘విభాగపు పరిశోధన వారసత్వం’ అని చీటీ అంటించారు. నా కుడిచేతి వైపు మీటలు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి.

పది రోజులుగా ఒకమ్మాయి వచ్చి ఎదురుగా బెంచీ మీద కూర్చుంటోంది. ఒళ్లో స్పైరల్ బైండింగ్ చేసిన అధ్యాయం. గైడుగారి గది తాళం వేసి ఉంది. మధ్యాహ్నం అటెండరు వచ్చి, సార్ ఈరోజు కూడా రారమ్మా, ఇంటికి పో అన్నాడు.

ఆ అమ్మాయి తల ఎత్తలేదు.

“ఉంటానన్నా” అంది. పేజీ తిప్పి, పెన్సిలుతో ఏదో దిద్దుకుంటూ కూర్చుంది.