మడ్డి తీసిన కొలత

నేను ఒక కొలత జాడీని. ప్లాస్టిక్ ఒళ్లు, ఒక పక్క పిడి, మరో పక్క మిల్లీలీటర్ల గీతలు. ఆ గీతలే నా పెట్టుబడి. హైదరాబాదు శివారు షెడ్డులో అచ్చులోంచి ఊడిపడి, మందుల సామాను కొట్లో ఏడాది దుమ్ము తిని, ఒక పెద్దాసుపత్రిలో పిల్లల ఆపరేషన్ వార్డుకు చేరాను. నాలో పడేదాన్ని మనుషులు బంగారం కన్నా ఆత్రంగా కొలుస్తారు.

ఎన్నో చేతులు మారాను. లాభనష్టాలు చూసుకుంటే సుంకన్న చేతి దగ్గరే నా లెక్క తేలదు.

సుంకన్నకు ఆదోని దగ్గర నూనె గానుగ ఉంది. అతని ఆరేళ్ల కూతురు సువర్ణకు క్లోమంలో కణితి లేచింది. డాక్టర్లు ఏడు గంటలు కష్టపడి కణితినీ, దానితో పాటు క్లోమంలో కొంత భాగాన్నీ కోసి తీశారు. కుట్టిన చోట రసం కారితే బయటికి రావడానికి పొట్టలో గొట్టం, చివర సంచి పెట్టారు. నలభై మంచాలకు ఇద్దరే నర్సులు; అందుకే రోజూ సంచిని నాలోకి వంచి, ఎంత వచ్చిందో కాగితం మీద రాసే పని తండ్రిదయింది. కారడం తగ్గితేనే గొట్టం తీస్తారు. అప్పటిదాకా నోటికి తిండి లేదు.

"నాయనా, నువ్వు ఉగ్గాని తినొచ్చినావు."

"లేదు తల్లీ, ఒట్టు."

"మీసానికి బొరుగు అంటుకోనుంది సూడు."

సుంకన్న మీసం తుడుచుకుని తల తిప్పుకున్నాడు.

అతను నన్ను కిటికీ గట్టు మీద గంటసేపు కదలకుండా ఉంచేవాడు. చిక్కనిది అడుగుకు దిగాక, దాన్ని లెక్కలోంచి తీసేసి, పైన తేటగా ఉన్నంతే రాసేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్కరికీ అడుగున దిగే మడ్డిని నూనె లెక్కలో అమ్మని మనిషి. నాలో నూట ఇరవై ఉన్న రోజున కాగితం మీద నలభై. తర్వాత పాతిక. తర్వాత పది. డాక్టరు సంతోషించి గొట్టం తీయించాడు. సువర్ణ రెండు చెంచాల గంజి తాగి, మూడోది అడిగింది.

మూడో రోజుకు జ్వరం, పొట్ట ఉబ్బు. స్కానింగులో లోపల చీము కనబడింది. మళ్లీ గొట్టం వేశారు.

ఈసారి అతను నన్ను గట్టు మీద పెట్టి కాచుకోవడం నర్సు రూతమ్మ చూసింది. "ఏం జేస్తాండావన్నా?"

"మడ్డి దిగనీ సిస్టరమ్మా. అది లెక్కలోకి రాదు గదా."

రూతమ్మ నన్ను అందుకుని, అడుగుది పైదాంతో కలిసేలా తిప్పింది. "అంతా కొలవాలన్నా. అంతా లెక్కే."

గొట్టం మళ్లీ వేసిన నాలుగో రోజు తెల్లవారుజామున సువర్ణ పోయింది.

సామాను సర్దుకున్నాక సుంకన్న ఆ కాగితం పట్టుకుని రూతమ్మ ముందు నిలబడ్డాడు. "మొదట్లో నేను రాసింది తప్పా, సిస్టరమ్మా? దానివల్లనేనా?"

ఆమె కాగితం వైపు చూడలేదు. "లేదన్నా. నీ లెక్క సరిగ్గానే ఉంది."

ఆమె కాటాను తన వైపు మొగ్గేలా తూచిన సంగతి ముప్పై ఏళ్ల వ్యాపారికి తెలియకుండా ఉంటుందా? అయినా అతను తల ఊపాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. రూతమ్మకు రెండు చేతులూ జోడించి మెట్లు దిగాడు.