పక్కింటావిడ ముందు చెప్పకూడని మాట

డాక్టరు సీటు చేజారి ఫార్మసీలో చేరిన ఆ అమ్మాయి, ఏం చదువుతున్నావని అడిగితే "మెడికల్ లైన్" అని మాట దాటేసేది. పెంచిన పెద్దమ్మ మాత్రం "మా పిల్ల సగం డాక్టరు" అని వీధంతా చాటింపు వేసింది. మిగతా సగం ఏమైందని ఎవరూ అడగలేదు.

ఆఖరి ఏడాది శిక్షణకు ఒక మందుల షాపులో వేశారు. తెల్లకోటు బాగా వదులుగా ఉందంటే, ఉన్నది అదొక్కటే అన్నారు. అక్కడి ఫార్మసిస్టు మేడంది ఒకటే పట్టు: దేవుడే దిగొచ్చి దగ్గుమందు అడిగినా, ఇంకేం మందులు వాడుతున్నాడో అడగాలి. విన్నది మూడో చెవిన పడకూడదు.

ఒక సాయంత్రం పెద్దమ్మ పక్కింటావిడను వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లను చూపించుకోవాలన్న సరదా మొహంలోనే తెలుస్తోంది.

"మోకాళ్లు పీకేస్తున్నాయే. నొప్పి బిళ్లలు ఓ అట్ట ఇవ్వు."

"ఇంకేమైనా మందులు వాడుతున్నావా పెద్దమ్మా?"

"నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను!"

గుండ్రాయి రోజూ గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంది. దానికి ఈ బిళ్ల తోడైతే కడుపులో రక్తం కారొచ్చు. జబ్బు సంగతి బయట పొక్కితే పరువు పోతుందని ఆ మాత్రలు బట్టల అడుగున దాచుకుంది. పక్కింటావిడ చెవులు రిక్కించి నిలబడింది.

"ఒక్క నిమిషం లోపలికి రా."

"ఏదైనా ఇక్కడే చెప్పు. ఆవిడేమన్నా పరాయిదా?"

"అయితే నేనివ్వను."

"ఎందుకివ్వవు?"

"ఇవ్వకూడదు."

"చూశారా వదినా, కోటు తొడగ్గానే కళ్లు నెత్తికెక్కాయి!" పెద్దమ్మ విసవిసా ఎదుటి షాపుకు పోయింది. ఆ షాపాయన ఒక్క ముక్క అడక్కుండా అట్ట ఇచ్చేశాడు.

అమ్మాయి లోపలికెళ్లి మేడంకి సంగతి చెప్పింది. మేడం విని, "ఇంకా ఇక్కడే ఉన్నావేం?" అంది.

ఇంట్లో పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మాయి తలుపు వేసి, గొంతు తగ్గించి అంతా చెప్పింది.

"అక్కడే చెప్పి చావొచ్చుగా?"

"ఆవిడ ఉందిగా."

పెద్దమ్మ ఇటు తిరిగింది. పిల్ల తన గుట్టు కాపాడిందని అప్పుడు అర్థమై సిగ్గేసింది. దిండు కింద నుంచి అట్ట తీసి ఇచ్చింది. ఇందులోంచి ఒకటి మింగానని, పోయినవారం కొన్న ఇలాంటి అట్ట అప్పుడే అయిపోయిందని చెప్పింది.

అమ్మాయికి ఏడుపొచ్చింది. దాన్ని ఆపుకుని అడిగింది. "విరేచనం నల్లగా అవుతోందా?"

"రెండ్రోజులుగా. నీకెవరు చెప్పారే?"

కడుపులో రక్తం కారడం మొదలైందన్నమాట. ఆటో పిలిచి, పెద్దమ్మను పట్టుకుని నడిపిస్తుంటే పక్కింటావిడ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది?"

"ఏం లేదండీ," అంది అమ్మాయి.

పెద్దమ్మ ఆగింది. "నాకు గుండె జబ్బు వదినా. మందులు తప్పు వేసుకున్నాను. మా పిల్ల వద్దంటే వినలేదు."