కసువు కోసం వచ్చిన చుట్టాలు

శనివారం పొద్దున ఏడింటికి కదిరప్ప వేపపుల్ల నములుతూ వీధిలోకి వచ్చి నోరు తెరిచాడు. పుల్ల జారి కింద పడింది. వీధి మొత్తానికి చెత్త అంటూ ఉంటే ఇప్పుడు ఆ పుల్ల ఒక్కటే.

నిన్నటిదాకా అది వీధిలా ఉండేది. తిప్పేష్ అంగడి ముందర చిప్సు కవర్లు, బోరింగు చుట్టూ పాలప్యాకెట్లు, బడిగోడ కింద నీళ్ల బాటిళ్లు, ముళ్లకంపకు తగులుకుని తిరునాళ్ల జెండాల్లా ఎగిరే క్యారీబ్యాగులు. ఇవాళ ఆవు నాకిన దూడలా నిగనిగలాడుతోంది. పైగా ప్రతి వాకిట్లో ముగ్గు!

"ఏమే, ఎవురే ఊడ్చింది?" అని అరిచాడు పెళ్లాం మీద.

"ఎవురేంది, ఆడోళ్లమంతా. కోడి గూయకముందే లేసినాము" అంది నారాయణమ్మ, చీపురు గోడకు ఆనిస్తూ.

"ఊడ్చొద్దని నిన్న ఇంటింటికీ తిరిగి చెప్తినే!"

"చెప్పినావు. నువ్వు చెప్పినావనే గదా ఊడ్చింది!"

ఆమె తప్పేమీ లేదు. పోయిన ఎండాకాలం కుంటకాడ సినిమా షూటింగు జరుగుతుందని ఇదే కదిరప్ప ఊరంతా చాటాడు. ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో కూర్చున్నారు. చివరికి వచ్చింది మేకల మంద. అప్పట్నుంచి కదిరప్ప ‘పొద్దు పొడిచింది’ అన్నా జనం తలెత్తి చూసుకునిగానీ నమ్మడం లేదు. అతను ‘వద్దు’ అన్నాడంటే ‘చేయాలి’ అనే అర్థం చేసుకుంటున్నారు.

అయితే ఈసారి పాపం మనిషి నిజమే చెప్పాడు.

సోమందేపల్లె దాటాక హైవే పక్కన మోటారు సామాన్లు చేసే జపాను కంపెనీ ఒకటి ఉంది. వాళ్ల దేశంలో ఆ కంపెనీకి ఒక ఆనవాయితీ. నెలకోసారి పెద్ద సారు మొదలుకుని గేటుకాడ కాపలా మనిషి దాకా అందరూ చేతులకు తొడుగులు వేసుకుని, చుట్టుపక్కల ఊళ్లలో, ఏటిగట్ల మీద చెత్త ఏరతారు. ఎవరూ బలవంతపెట్టరు, ఇష్టంగా చేస్తారు. ఆ అలవాటును ఇక్కడికీ తెచ్చారు. ముందు ఊరివాళ్లతో కలిసి ఒకపూట పనిచేయాలి, ఆ తరవాతే ఆ ఊరికి ఏదైనా చేసిపెడతారు.

కంపెనీ తరపున ఊళ్లు తిరిగే ప్రశాంతి ఈ మాటే పదిసార్లు చెప్పింది. పుట్టపర్తి అమ్మాయి, మాట సూటిగా ఉంటుంది. "కదిరప్పన్నా, మీ కుంట పూడిక తీసే కాగితం మీద మా పెద్ద సారు నిషిమురా సంతకం పెట్టాలంటే ముందు పని జరగాల. ఊరు యట్లుండాదో అట్లే ఉండనీండి. ఈడ పని లేకపోతే బస్సు పక్కూరికి పోతాది, జేసీబీ గూడా దాని ఎనకాలే పోతాది."

కుంట కింద కదిరప్పకు ఎనభై చీనీ చెట్లు, అంటే బత్తాయి చెట్లు, ఉన్నాయి. శివరాత్రి నుంచి బోరు నీళ్లకన్నా గాలే ఎక్కువ కక్కుతోంది. వానలకు ముందే కుంటలో పూడిక తీస్తే నీళ్లు నిలుస్తాయి, భూమిలోకి దిగుతాయి, బోరు బతుకుతుంది. లేకుంటే ఎనిమిదేళ్లు పెంచిన చెట్లను ఈ ఏడు పొయ్యిలో పెట్టుకోవాల్సిందే.

కదిరప్ప తిప్పేష్ అంగడికి పరుగెత్తాడు.

"తిప్పేషూ, నీకాడ చెత్త ఉండాదా?"

"ఎంత కావాల మామా? పావుకిలోనా, అరకిలోనా?"

"ఎగతాళి చేసే టైమా రా ఇది! బస్సొస్తాది!"

అంగడి వెనక గోతాంలో దాచిన కవర్లు దొరికాయి. కదిరప్ప గోతాం చంకన పెట్టుకుని విత్తనం చల్లినట్టు వీధంతా చల్లడం మొదలుపెట్టాడు. అతను పిడికెడు చల్లితే గాలి రెండు పిడికెళ్లు ఎత్తుకుపోతోంది. ముఖానికి అంటుకున్న కవరును పీక్కుని, మళ్లీ చెయ్యెత్తి విసరబోయేసరికి ఎదురుగా బస్సు ఆగి ఉంది. తొమ్మిదింటికి వస్తామన్నవాళ్లు ఎనిమిదిన్నరకే వచ్చేశారు. నీలం టోపీలు పెట్టుకున్న నలభై మంది కిటికీల్లోంచి కదిరప్పనే చూస్తున్నారు.

అందరికన్నా ముందు దిగిన తల నెరిసిన పొట్టి మనిషే నిషిమురా. తొడుగులు వేసుకుని, వంగి, కదిరప్ప చల్లిన కవర్లను ఒకటొకటిగా ఏరుతూ వచ్చాడు. కదిరప్ప భయంతో ఒక అడుగు వెనక్కి వేశాడు. గోతాంలోంచి ఇంకో కవరు జారింది. నిషిమురా దాన్నీ ఏరాడు.

"కదిరప్పన్నా! ఏంది నువ్వు చేస్తాండేది?" ప్రశాంతి గొంతు కీచుమంది.

"అంటే... గాలికి మేడం..." అని మొదలుపెట్టాడు. నాలుక మీదికి మూడు అబద్ధాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. కానీ కళ్లముందు చీనీ చెట్లు ఆకులు ముడుచుకుని నిలబడ్డాయి. "ఊరంతా ఊడ్చేసినారు మేడం. మీకు పని లేకపోతే మా కుంట పోతాదని నేనే చల్లుతాండా."

నారాయణమ్మ గుంపులోంచి ముందుకు వచ్చింది. "ఈయప్ప నిజం చెప్పేది యాడాదికొకసారి, అది ఈ పొద్దే. ఊడ్చింది మేమే మేడం. చుట్టాలొస్తాంటే ఇంట్లో కసువు పెట్టుకోని, రాండప్పా ఎత్తండి అంటామా? మానం పోదా?"

ప్రశాంతి ఇంగ్లీషులో చెప్పింది. నిషిమురా కళ్లు చిన్నవి చేసుకుని విన్నాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. వాళ్ల ఊళ్లో కూడా అందరూ చెత్త ఏరే రోజుకు ముందురోజే వాళ్లమ్మ తన వాకిలి ఊడ్చేసుకునేదట. వీధిలో నవ్వులు లేచాయి. నవ్వు ఆగాక ఆయన ఇంకో మాట అడిగాడు.

"సారు ఏమడుగుతాండాడంటే" అంది ప్రశాంతి నెమ్మదిగా, "ఊడ్చిందంతా యాడ పోసినారు అని."

ఆడవాళ్లందరికీ ఒక్కసారిగా కొంగులు సర్దుకునే పని పడింది. మేకలు కాసే నల్లమ్మవ్వకు మాత్రం భయం లేదు. "యాడ పోస్తాము నాయనా, వంకలోనే. మా అత్త గూడా ఆడే పోసె."

అందరూ వంక దగ్గరికి నడిచారు. గుట్టమీద పడిన వాన కుంటలోకి చేరేది ఆ వంకలోంచే. కదిరప్ప గట్టుమీద నిలబడి వేరేవాళ్ల కళ్లతో మొదటిసారి చూశాడు. సంచులు, సీసాలు, పగిలిన బక్కెట్లు, తెగిన చెప్పులు వంకకు అడ్డంగా నిలువెత్తున, సీసాకు బిరడా కొట్టినట్టు. ఏళ్లుగా వాన నీళ్లు దీనికి తగిలి రోడ్డు మీదికి మళ్లుకుంటుంటే, తను కుంటలో మన్నును తిడుతూ కూర్చున్నాడు.

"వంక ఇట్లుంటే కుంట తవ్వి ఏం లాభం అంటాండాడు సారు" అంది ప్రశాంతి.

కదిరప్ప గుండె బోరులా గాలి కక్కింది. ఆమె ఇంకో మాట అనేలోపే పంచె ఎగ్గట్టి వంకలోకి దూకాడు. "అయితే ఇదే తీస్తాం! రాండప్పా, మీకు పని లేదన్న నాయాలెవుడు!"

ఆ తరవాత మూడు గంటలు ఆ వంకలో జాతర జరిగింది. వంకకు ఈ పక్క కంపెనీ, ఆ పక్క నారాయణమ్మ సైన్యం. జపానువాళ్లు తాళ్లు కట్టి ప్లాస్టిక్కు, గాజు, ఇనుము, గుడ్డలు వేరే వేరే కుప్పలు పెట్టిస్తుంటే నల్లమ్మవ్వ బుగ్గలు నొక్కుకుంది. "కసువుకు గూడా వేరు కాపురాలు పెడతాండారే!" ఎవరు ఎక్కువ ఏరారో తేల్చడానికి చెనిక్కాయలు తూచే కాటా తెచ్చి కదిరప్ప దాని పక్కన నిలబడ్డాడు.

"కంపెనీ నూటా ముప్పై కిలోలు! ఆడోళ్లు నూటా నలభై ఆరు!"

"మామా, కాటా మీద నీ కాలు తీయి!" అని తిప్పేష్ అరిచాడు.

నిషిమురా వంగి, కదిరప్ప పాదాన్ని రెండు చేతులతో మర్యాదగా ఎత్తి పక్కన పెట్టాడు. బరువు నూటా ముప్పై ఎనిమిదికి దిగింది. అయినా గెలిచింది ఆడవాళ్లే. నారాయణమ్మ వేళ్లు నోట్లో పెట్టి వేసిన ఈలకు బస్సు డ్రైవరు నిద్రలేచాడు.

కంపెనీ లారీ గోతాలు ఎత్తుకుంటుండగా అడుగున పాత ట్రాక్టరు టైరు ఒకటి బయటపడింది. దాన్ని చూడగానే కదిరప్పకు చేతులు దురద పెట్టాయి. వంక పైకొసకు దొర్లించుకుపోయి, "తప్పుకోండప్పోయ్!" అని ఒక్క తోపు తోశాడు.

టైరు దుమ్ము లేపుకుంటూ దిగింది. జనం గట్టు వెంబడి అరుస్తూ పరుగెత్తారు. మలుపు దగ్గర తడబడింది, ఊగింది, మళ్లీ నిలదొక్కుకుంది. నిషిమురా టోపీ గాలికి ఎగిరిపోయినా ఆగకుండా, వాళ్ల భాషలో ఏదో కేకలు వేస్తూ దాని వెంట పరుగెత్తాడు. ఎక్కడా దేనికీ తగలకుండా టైరు నేరుగా కుంటలోకి దూకి, నడిమధ్యన గిర్రున తిరిగి పడుకుంది.

నిషిమురా రొప్పుతూ కుంటలో పూడికను చూశాడు, అడ్డు తొలగిన వంకను చూశాడు. ప్రశాంతికి చెయ్యి చాచాడు. ఆమె సంచిలోంచి కాగితం తీసింది.

"ఒక మాట. ఇకమీద నెలకొకసారి ఈ వంక మీరే చూసుకోవాలంట."

"చూసుకుంటాము. మా చేతులు పడిపోయినాయా!" అంది నారాయణమ్మ, ఊరి తరపున, ఎవరినీ అడగకుండానే.

సంతకానికి అక్కడ బల్ల లేదు, రాయి లేదు. కదిరప్ప గబుక్కున వంగి వీపు చూపించాడు. కాగితం పరిచారు. చెమట పట్టిన చొక్కా మీద పెన్ను మెల్లగా నడుస్తోంది. చక్కిలిగింతలు! పుట్టినప్పటి నుంచి ఒక్కచోట కుదురుగా నిలబడని మనిషికి పక్కటెముకల్లోంచి నవ్వు తన్నుకొస్తోంది.

"కదిలినావంటే చంపుతా" అంది నారాయణమ్మ చెవి దగ్గర.

కదిరప్ప పెదవి కొరుక్కున్నాడు, ఊపిరి బిగబట్టాడు, కాలివేళ్లతో మన్ను పట్టుకున్నాడు. పెన్ను చివరి గీత గీసి పైకి లేచింది.

"సోమారం జేసీబీ వస్తాది!" అని ప్రశాంతి అరిచింది.

అప్పుడు నవ్వాడు చూడండి కదిరప్ప. గుట్టమీద నల్లమ్మవ్వ మేకలు బెదిరి చెదిరిపోయాయి.