శుభం తర్వాత ఏడు నిమిషాలు

నేను ఒక వీడియో క్యాసెట్‌ని. మూడు గంటల క్యాసెట్‌ని. నల్లటి ప్లాస్టిక్ పెట్టె, అయిదు మరలు, రెండు చక్రాలు, వాటికి చుట్టిన పావు కిలోమీటరు టేపు. ఇంతే నా ఒళ్ళు. ఆ టేపు మీద పూసిన గోధుమరంగు పొడి ఏమిటో తెలుసా? తుప్పు. శుద్ధి చేసి మెత్తగా నూరిన తుప్పే, కానీ తుప్పే. ఇంటి గేటుకి కాస్త తుప్పు పట్టిందంటే గరుకు కాగితం పట్టుకుని బయల్దేరే మనుషులు, తమ పెళ్ళిళ్ళూ పేరంటాలూ సినిమాలూ అన్నీ తెచ్చి మా తుప్పులోనే దాచుకున్నారు. నేను పుట్టిన కర్మాగారం ఏ ఊళ్ళో ఉందో నాకు గుర్తు లేదు. ఊహ తెలిసేసరికి ఏలూరులో, పవర్‌పేటలో, గంగరాజుగారి వీడియో లైబ్రరీ అరలో నిలబడి ఉన్నాను.

నా మీద ఒక కుటుంబ కథాచిత్రం ఎక్కించారు. రెండు గంటల యాభై నిమిషాలు. అందులో పెద్దకోడలు రెండు గంటల పాటు ఏడుస్తుంది. మిగిలిన యాభై నిమిషాలూ అత్తగారు పశ్చాత్తాపంతో ఏడుస్తుంది. పక్క అరలో ఫైటింగుల క్యాసెట్లు ఉండేవి, కామెడీవి ఉండేవి. వాటిని చూస్తే నాకు లోపల్లోపల చిన్నచూపు. ఆడవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి, తలుపు దగ్గరకి వేసి, కొంగు సిద్ధం చేసుకుని చూసేది నన్ను. ఆ గర్వంతోనే చాలా ఏళ్ళు గడిపాను.

అయితే నాకో తోక ఉంది. గంగరాజుగారిది చిత్రమైన నిష్ఠ. సినిమా అయిపోయాక టేపు మిగిలితే ఖాళీగా వదిలేవారు కాదు. "మూడు గంటల టేపిచ్చి చివర్లో పది నిమిషాలు చుక్కలు చూపిస్తే, విస్తట్లో ఒక మూల వడ్డించకుండా వదిలేసినట్టు ఉంటదయ్యా," అనేవారు. అందుకని భక్తి సినిమా చివర సర్కసు, దయ్యాల సినిమా చివర పడవ పందేలు, ఆయన చేతికి ఏది దొరికితే అది అతికించేవారు. నా సినిమా చివర, శుభం పడ్డాక, ఏడు నిమిషాల బొమ్మల సినిమా ఒకటి ఎక్కించారు. మద్రాసులో ఎక్కడో మూసేసిన స్టూడియోదట. ఆయన సినిమాల మాస్టర్ టేపులు తేవడానికి అక్కడికి వెళ్ళినప్పుడు ఎవరో తమ దగ్గర మిగిలిన రీలు నుంచి ఊరికే కాపీ చేసి ఇచ్చారు. నా వీపు మీద అతికించిన చీటీలో సినిమా పేరు పెద్దక్షరాలతో రాసి, కింద చీమతలకాయంత అక్షరాలతో 'చివర: కోడి బొమ్మ' అని రాశారు.

ఆ రాత నాకు చిన్నతనంగా ఉండేది. ఇంత ఏడుపు మోసే నాకు కోడి ఏమిటి? అదృష్టం కొద్దీ దాన్ని ఎవరూ చూసేవారు కాదు. తెలుగువాళ్ళకి శుభం అని పడిందంటే సినిమా అయిపోయినట్టే. అక్షరాలు పూర్తిగా పడకముందే కుర్చీలు జరిపేవారు, ఒకరు అన్నం వడ్డించడానికి లేచేవారు, ఇంకొకరు డెక్కు దగ్గరకొచ్చి బొత్తాం నొక్కేవారు. లైబ్రరీ గోడ మీద 'తిరగ్గొట్టి ఇవ్వగలరు' అని బోర్డు ఉంది కదా, వెంటనే నన్ను మొదటికి తిరగ్గొట్టేవారు. అలా కొన్ని వందల ఇళ్ళు తిరిగాను. శుభం దాటి ఒక్క ఇంట్లోనూ అడుగు పెట్టలేదు.

తర్వాత డిస్కులు వచ్చాయి. గంగరాజుగారు లైబ్రరీ తీసేసి ఫ్యాన్సీ షాపు పెట్టుకున్నారు. మమ్మల్ని గోనెసంచుల్లో కుక్కి పెట్టినప్పుడు ఉమాపతి వచ్చాడు.

ఉమాపతిది పళ్ళ సెట్లు కట్టే పని. రామచంద్రరావుపేటలో చిన్న షాపు. లోకంలో ఎవరికీ లేని పిచ్చి ఒకటి ఆయనకి ఉంది, పాత బొమ్మల సినిమాలు పోగుచేయడం. విదేశాల స్టూడియోలు తమ పాత సరుకంతా అట్టపెట్టెల్లో అందంగా సర్ది అమ్మే డిస్కులు, మూతపడ్డ స్టూడియోల క్యాసెట్లు, ఎక్కడెక్కడివో తెప్పించుకునేవాడు. లైబ్రరీ వాళ్ళు సినిమాల చివర బొమ్మలు అతికిస్తారని తెలిసి ఆ తోకల కోసం జిల్లా అంతా తిరిగేవాడు. అంత కష్టపడి తెచ్చినవాడు చూసి ఆనందిస్తాడని మీరనుకుంటారు. చూడడు. విప్పితే పాతబడతాయని పైకాగితం కూడా చింపడు. షాపులో ఎప్పుడూ తిరిగేవి రెండే రెండు డిస్కులు, అవీ రెండేసి కొన్నవి కాబట్టి. "లోకానికి పళ్ళు కట్టి నమలమంటారు, తన ముందున్న విస్తరి మాత్రం ముట్టరు," అని వాళ్ళావిడ అంటూ ఉండేది.

నా వీపు మీది చీమతలకాయ అక్షరాలు చదివిన మొదటి మనిషి ఉమాపతే. చదివి, అది మద్రాసు బొమ్మని గంగరాజుగారి నోట విని మురిసిపోయాడు. నన్ను మెత్తటి గుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ సంచీలో పెట్టి, గాలి చొరకుండా అంచులు కాల్చి అతికించి, షాపులోనే బీరువాలో పై అరలో పెట్టాడు. అది శ్రావణమాసం. ఏలూరు ముసురు తేమంతా నాతో పాటే సంచీలోకి వచ్చింది. బయట ఉంటే ఏ ఎండకో ఆరిపోయేదాన్ని. ఆయన ప్రేమ వల్ల ఇరవై ఏళ్ళు ఆ తేమలోనే ఉన్నాను.

ఒక రోజు పొద్దున హైమవతిగారు పళ్ళ సెట్టు కోసం వచ్చారు. డెబ్బై ఏడేళ్ళ మనిషి. సన్నగా, నిటారుగా ఉన్నారు. ఉమాపతి ఆవిడ నోట్లో అచ్చు తీసే గులాబీరంగు ముద్ద పెట్టి, అది గట్టిపడేదాకా కదలవద్దన్నాడు. ఎదురుగా టీవీలో అరిగిపోయిన డిస్కుల్లో ఒకటి తిరుగుతోంది, కుందేలు బొమ్మ. ఆవిడ ఉన్నట్టుండి చెయ్యి ఊపుతూ ఏదో చూపించడం మొదలుపెట్టారు. ముద్ద గొంతుకి అడ్డం పడిందేమోనని ఉమాపతి హడలిపోయి బయటికి లాగేశాడు. ఊపిరి పీల్చుకుని ఆవిడ అన్న మొదటి మాట ఇది.

"ఆ కుందేలు చెవి చూడు బాబూ. రంగు గీత దాటింది. మా దగ్గరైతే ఆ షీటు మళ్ళీ వేయించేవాళ్ళు."

ఉమాపతి చేతిలో అచ్చు అలాగే ఉండిపోయింది. తర్వాత గంటసేపు ఆవిడ చెప్పిందంతా బీరువాలోంచి నేనూ విన్నాను.

ఇరవై ఏళ్ళ వయసులో ఆవిడ మద్రాసులో ఒక బొమ్మల స్టూడియోలో పనిచేశారు. గాజులాంటి షీట్ల మీద ఎవరో గీతలు గీసి పంపేవారు. వెనకవైపు నుంచి రంగులు నింపడం ఆడపిల్లల పని. రంగు తేడా రాకుండా ఒక్కో పిల్లకి ఒకే రంగు. హైమవతిగారిది ఎరుపు. పక్క బల్ల మీది నాగరత్నానిది పసుపు. పేర్లు పెట్టి పిలిచేవారు కారు, 'ఎరుపూ, ఇటు రా' అనేవారు. చివరి రోజుల్లో ఒక కోడిపుంజు బొమ్మ వచ్చింది. ముక్కుకి పసుపు నాగరత్నం వేస్తే, జుట్టుకీ, తెరిచిన నోటి లోపలా ఎరుపు ఈవిడ వేశారు. వందల షీట్లలో ఆ పుంజు నోరు తెరుచుకునే ఉంది. కథ ఏమిటో పిల్లలకి ఎవరూ చెప్పలేదు. షీట్లు వరసలో కూడా వచ్చేవి కావు. నవ్వుతున్నాడని ఈవిడ అన్నారు. ఏడుస్తున్నాడని నాగరత్నం అంది. మధ్యాహ్నం అన్నాల దగ్గర రోజూ అదే తగువు. సినిమా వచ్చాక తేల్చుకుందామనుకున్నారు. ఇంతలో ఈవిడకి పెళ్ళి కుదిరి ఏలూరు వచ్చేశారు, స్టూడియో మూతపడింది. రీళ్ళని కరిగించి వెండి తీసేవాళ్ళకి అమ్మేశారని నాగరత్నమే ఉత్తరం రాసింది. ఆ తర్వాత ప్రతి ఉత్తరం చివరా 'వాడు ఏడుస్తున్నాడే' అని ఒక ముక్క రాసేదట. తొమ్మిదేళ్ళ క్రితం నాగరత్నం పోయింది.

"మా ఇంట్లో పిల్లలకి చెప్తే నమ్మరు. బామ్మ కోతలు కోస్తందంటారు," అన్నారు హైమవతిగారు. "నమ్మకపోతే పోనీ. వేసిందాన్ని, అది కదిలితే ఎలా ఉంటదో నేనే చూళ్ళేదు. దేనికి నోరు తెరిచాడో తెలుసుకోకుండా పోతానేమోనని ఉంది బాబూ."

ఉమాపతి లేచి వచ్చి బీరువా తెరిచాడు.

సంచీ కోసి నన్ను వెలుతురులో పట్టుకోగానే ఆయన మొహం మాడిపోయింది. నా కిటికీలోంచి తెల్లటి బూజు కనబడుతోంది. బూజు పట్టిన టేపుని డెక్కులో పెడితే ముక్కలవుతుంది, డెక్కూ పాడవుతుంది. అంత భద్రంగా కట్టిపెట్టిన తన చేతుల్ని ఆయన తిట్టుకున్నాడు. హైదరాబాదులో శుభ్రం చేసేవాళ్ళు ఎవరో ఉన్నారట, ఫోన్ చేస్తే మూడు నాలుగు నెలలు పడుతుందనీ, పూచీ మాత్రం లేదనీ అన్నారు.

అప్పుడాయన నా అయిదు మరలూ విప్పాడు. పళ్ళ పనిలో ఆరితేరిన చెయ్యి కాబట్టి నాకు నొప్పి తెలియలేదు. బూజు పైపొరల్లో ఉంది. ఎప్పుడూ మొదటికే తిరగ్గొట్టి పెట్టినందువల్ల సినిమా పైన, తోక అడుగున చక్రాన్ని కరుచుకుని ఉంది. వందల ఇళ్ళలో అరిగిందీ, బూజు పట్టిందీ సినిమా. ఎవరూ చూడని ఆ ఏడు నిమిషాలూ కొత్తపెళ్ళికూతురిలా ఉన్నాయి. దారి ఒకటే. సినిమాని కోసేసి, తోకని కొత్త పెట్టెలో బిగించాలి.

నా బాధ మీకేం చెప్పను? తోకని ఉంచుకుని ఒంటిని పారేస్తారా ఎవరైనా? అంత ఏడుపు, అంత త్యాగం, అన్నీ చెత్తబుట్టలోకా? పైగా ఉమాపతి, ఆ సినిమా ఫోనులో ఊరికే దొరుకుతోందనీ, ఎవరూ చూడ్డం లేదనీ అనేశాడు. నా ముప్ఫై ఏళ్ళ పరువు ఆ ఒక్క మాటతో పోయింది.

అయినా ఆయన కత్తెర పట్టుకుని కూర్చున్నాడు గానీ కోయలేకపోయాడు. పైకాగితం కూడా చింపని మనిషి. మద్రాసు స్టూడియోది ఇంకెక్కడా మిగల్లేదు, చెయ్యి జారితే ఉన్న ఒక్కటీ పోతుంది. కత్తెర పైకెత్తడం, దించడం. హైమవతిగారు కాసేపు చూశారు.

"నాకు డెబ్బై ఏడు బాబూ. నువ్వు కోస్తావా, నన్ను కొయ్యమంటావా?"

కోశాడు. పళ్ళకి వాడే సన్న పట్టకారుతో తోకని చక్రాలతో సహా కొత్త పెట్టెలోకి చేర్చాడు, మరలు బిగించాడు. ఇక ఆ తోకే నేను. డెక్కుని టీవీకీ కంప్యూటరుకీ తగిలించి నన్ను లోపలికి తోశాడు. ఇరవై ఏళ్ళ తర్వాత నా చక్రాలు తిరగబోతున్నాయి. నిజం చెప్తున్నాను, భయమేసింది.

కోసేటప్పుడు ఒక మూరెడు ఎక్కువే ఉంచినట్టున్నాడు. ముందు మా అత్తగారి ఆఖరి వెక్కిళ్ళు వచ్చాయి. తర్వాత శుభం. తర్వాత ఒక నిమిషం నల్లగా. ఇద్దరూ కుర్చీల్లోంచి లేవలేదు.

కోడిపుంజు వచ్చాడు. పాకల మధ్య నుంచి కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచి వచ్చాడు. హైమవతిగారి చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. "నడుస్తన్నాడు," అన్నారు నెమ్మదిగా.

ఇక్కడ నా లోపం ఒకటి ఒప్పుకోవాలి. మా జాతికి ఎరుపు నిలవదు. ఏ రంగునైనా గీత లోపల పట్టి ఉంచుతాం, ఎరుపు మాత్రం పక్కకి చిమ్ముతుంది. పుంజు జుట్టు ఎరుపంతా గీతలు దాటి ఆకాశంలోకి పాకింది. ఒక్క షీటులోనూ గీత దాటనివ్వని మనిషి ముందు నా పరువూ ఆవిడ పరువూ కలిపి తీసేశాను. ఉమాపతి కంగారుగా, అది టేపు దోషం పిన్నిగారూ, మీది కాదు అని ఏదో చెప్పబోయాడు.

"ఉండవయ్యా. నోరు తెరుస్తన్నాడు."

కొండ వెనక సూర్యుడు గడ్డం ఆనించి కూర్చుని ఉన్నాడు, పుంజు కూస్తే పైకి వద్దామని. పుంజు గోడెక్కాడు. రెక్కలు విదిలించాడు. మెడ చాచాడు. నోరు తెరిచాడు, ఇంకా తెరిచాడు, తెరమీద సగం ఎరుపే అయ్యేంత తెరిచాడు. ఊరంతా ఎదురుచూసింది. వాడి గొంతులోంచి కూత రాలేదు. బారెడు పొడవు ఆవలింత వచ్చింది. అది చూసి సూర్యుడు కూడా ఆవలించి మళ్ళీ కొండ వెనక్కి పడుకున్నాడు.

తర్వాత హైమవతిగారు నవ్వారు. బోసినోరు దాచుకోకుండా, కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా నవ్వారు. మూడు గంటల ఏడుపు మోసినదాన్ని, కన్నీళ్ళలో ఆరితేరినదాన్ని. ఇలాంటివి మాత్రం నేనెప్పుడూ తెప్పించలేదు.

"ఆవలింతే నాగరత్నం," అన్నారు ఆవిడ టీవీ వైపు చూస్తూ. "ఇద్దరం ఓడిపోయామే."

ఆవలింతకి అన్న ఉన్నాడు గానీ తుమ్ముకి తమ్ముడు లేడంటారు. తెర మీద గేదె ఆవలించింది, మునసబు ఆవలించాడు, గుమ్మం దగ్గర కుక్క ఆవలించింది. కుర్చీలో ఉమాపతి ఆవలించాడు. ఆయన్ని చూసి హైమవతిగారూ నోరంతా తెరిచి ఆవలించారు. ఏభై అయిదేళ్ళ కిందట తాను రంగేసిన నోటి నుంచి అంటుకున్న ఆవలింత అది.

ఏడు నిమిషాలూ అయిపోయాయి. కోడి ఇప్పుడు కంప్యూటర్లోకి కూడా వెళ్ళిపోయాడు కాబట్టి నేను లేకపోయినా ఆవలిస్తూనే ఉంటాడు. నన్ను బయటికి తీసి మళ్ళీ సంచీలో పెడతాడేమోనని చూశాను. ఉమాపతి చెయ్యి చాచాడు కూడా.

"మళ్ళీ వెయ్యి బాబూ," అన్నారు హైమవతిగారు.

ఇన్ని ఇళ్ళు తిరిగాను. అంత బాగా ఏడ్చినవాళ్ళు కూడా ఎవరూ ఆ మాట అనలేదు. ఉమాపతి చాచిన చేత్తోనే బొత్తాం నొక్కాడు. నన్ను వెనక్కి తిప్పాడు, శుభం దాకా వెళ్ళనివ్వకుండా, దానికి ఇవతలే ఆపాడు.