కిటకిటలాడిన కొట్టు

గిరాకీ లేని బ్రాంచీలను చికెన్ కంపెనీ మూసేస్తోందని తెలిసినప్పటి నుంచి ఆ కంపెనీ పేరు మీద ఫ్రాంచైజీ కొట్టు నడుపుతున్న మా అన్నయ్యకు కంటి మీద కునుకు లేదు. అందుకే కంపెనీ మనిషి తనిఖీకి వచ్చే రోజున వదిన చుట్టాలందరినీ పిలిపించి కౌంటరు ముందు క్యూలో నిలబెట్టింది. వద్దని మొత్తుకున్నాను, విన్నదెవరు? ముక్కలు మావి, పొట్టలు వాళ్ళవి. ఫ్రయ్యరు దగ్గర కోడి వేగుతోందో నేను వేగుతున్నానో తెలియడం లేదు.

కంపెనీ మనిషి ఒక్కొక్కరినీ చూస్తున్నాడు. అంతలో బాబాయి చొక్కా మార్చుకుని మళ్ళీ వచ్చాడు.

"ఒరేయ్, ఈసారైనా లెగ్ పీస్ వెయ్యరా!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "నోరు మూసుకుని నిలబడు బాబాయ్" అని పళ్ళు కొరికాను.

కంపెనీ మనిషి నవ్వాడు. "తిన్నవాళ్ళే మళ్ళీ వస్తున్నారే!"

అన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే మా బ్రాంచి ఉంచుతారుగా సార్?"

"ఉంచకేం? కానీ ఇంతమందికి మీ ఒక్క కొట్టు ఏం సరిపోతుంది? ఎదురుగా ఖాళీగా ఉన్న షాపులో కంపెనీయే సొంతంగా ఇంకో బ్రాంచి తెరుస్తుంది."

నేను వదిన వైపు కొరకొరా చూశాను.

బాబాయి మాత్రం అద్దంలోంచి ఎదురు షాపు కేసి చూస్తూ, "అక్కడైనా లెగ్ పీస్ వేస్తారేమో" అన్నాడు.