ఉత్తుత్తి పట్టీ

"సంతకం పెట్టెయ్ రా, గొడవ వదిలిపోతుంది," అంటూ బావ ఒక కాగితాన్ని స్పానర్ల మధ్య పెట్టాడు. అక్క మొగుడే ఈ వర్క్‌షాపుకి మేనేజరు కూడా. మాట్లాడేది బావో మేనేజరో గొంతును బట్టి నాకు తెలుస్తుంది. ఇవాళ ఇద్దరూ మాట్లాడుతున్నారు.

కాగితంలో ఒకే వాక్యం: తొమ్మిదో నంబరు కారు బానెట్ బిగించడంలో మెకానిక్ నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగింది.

చదవగానే చెవులు వేడెక్కాయి.

మా కార్ల పందేల్లో పద్నాలుగు కార్లూ ఒక్క అచ్చులో పోసినవే. ఒక్కొక్క సీటు, ఒకే ఇంజను, ఒకే టైర్లు. ఏ కారు ఎవరిదో పందెం రోజు పొద్దున చీటీ తీస్తేనే తేలుతుంది. గెలుపు మనిషిది, కారుది కాదు. ఆ మాట నచ్చే ఈ పనిలో చేరాను. కానీ కార్లకు తాతల నాటి వేషం వేశారు: చుట్టలాంటి ఒళ్లు, రంగుతో గీసిన రివెట్లు, బానెట్ మీదుగా బకిల్‌తో ఒక తోలు పట్టీ. ఆ పట్టీ దేన్నీ పట్టి ఉంచదు. బానెట్‌ను పట్టి ఉంచేవి రెండు పక్కలా లోపల దాగిన క్లిప్పులు.

"నిజం పట్టీ వెయ్యండి, లేదంటే పీకెయ్యండి," అని మొదటి నెలలోనే మొత్తుకున్నాను.

"జనం వచ్చేదే దాన్ని చూడ్డానికయ్యా," అన్నాడు ఆ వేషం వేసిన డిజైనరు.

జనం రెండో ఏడాదికే రావడం మానేశారు. ఇంకో రెండు పందేలతో అన్నీ మూసేస్తారని అందరికీ తెలుసు.

పోయిన ఆదివారం తొమ్మిదో కారు క్లిప్పులు నేనే బిగించాను. తర్వాత ప్రచారం వాళ్లు ఫొటోల కోసం బానెట్ ఎత్తారు. దించి, క్లిప్పులు వదిలేసి, పట్టీ మాత్రం బిగించి, నవ్వుకుంటూ పోయారు. నాలుగో మలుపులో బానెట్ ఎగిరి డ్రైవరు మీద పడింది. మేమంతా చిచ్చరపిడుగు అని పిలిచే అమ్మాయి. భుజం, మణికట్టు విరిగాయి.

"ఎవరి తప్పుకి ఎవరు సంతకం పెట్టాలి బావా?"

"ఎలాగూ మూతపడే దుకాణం. నీకొచ్చే నష్టమేంటి?"

"లైసెన్సు పోతుంది. ఇంకెవరూ నన్ను కారు ముట్టుకోనివ్వరు."

"మేం లేమా? మీ అక్క నిన్ను వీధిలో పడేస్తుందా?"

"అక్క పడెయ్యదు. నువ్వు పడేసి, అన్నం పెడతానంటున్నావు."

"నోరు బాగా లేస్తోందే, ఆ బానెట్‌లాగా!" అనేసి, తనకే తప్పనిపించి తల తిప్పుకున్నాడు.

కోపం వచ్చింది. కానీ నా కోపాన్ని నేను అంత తొందరగా నమ్మను. అది అరిచినప్పుడల్లా దాని వెనక ఏదో నక్కి ఉంటుంది. ఇప్పుడూ ఉంది. జెండా ఊపే ముందు ఆ కారు పక్క నుంచే నడిచాను. ప్రచారం వాళ్లు బానెట్ దించి వెళ్లడం చూశాను. పట్టీ బిగువుగా కనిపించింది. మనసు 'సరే' అంది. రెండేళ్లుగా ఉత్తుత్తిదని తిట్టిన పట్టీని నేనే నమ్మాను. వంగి క్లిప్పు మీద వేలు పెట్టలేదు.

అది ఒప్పుకున్నాక కోపం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు, పదునెక్కింది. నా ఆవగింజంత తప్పు చాటున వాళ్లు కొండను దాచుకుంటున్నారు.

కాగితం తిరగేసి మొత్తం రాశాను. డిజైనరు అన్న మాట, ఫొటోలు, నేను చూసీ చూడనట్టు దాటిపోవడం. కింద సంతకం పెట్టాను.

బావ చదివాడు. "పిచ్చోడా, నీ తప్పూ రాసుకున్నావేంట్రా!"

"నిజం కాబట్టి."

"ఇది నేను పైకి పంపలేను."

"నువ్వు పంపక్కర్లేదు," అని కాగితం లాక్కుని, నేరుగా ఆసుపత్రికి వెళ్లాను.

చిచ్చరపిడుగు దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. కాగితం మొత్తం చదివి వినిపించాను. మామూలుగా నన్ను 'అన్నా' అని పిలిచేది. ఇవాళ పిలవలేదు.

"చూసి కూడా వెళ్లిపోయావా?"

"వెళ్లిపోయాను."

కట్టు కట్టిన చేతి వైపు చూసుకుంది. "వాళ్లని వదలను," అంది. "నిన్నూ వదలను."

"వద్దనడానికి రాలేదు."

బాగున్న చేత్తో కాగితం అందుకుని, పైనుంచి కింది దాకా చూసి నాకే తిరిగిచ్చింది.

"తేదీ లేదు. వెయ్యి."